డిఫెండర్ ఎర్రగా చూపిస్తే అలౌ కొట్టాలా, తీసేయాలా? డౌన్‌లోడ్ మేనేజర్ నుంచి వైరస్ వార్నింగ్ దాకా

నయీంనగర్ హాస్టల్లో ఉండే ఇంజినీరింగ్ పిల్లలైనా, హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ షాపు నడిపేవాళ్లైనా నన్ను అడిగేది ఒకటే. "అన్నా, ఫైల్ దిగింది గానీ డిఫెండర్ వైరస్ అంటుంది. అలౌ కొట్టాల్నా, తీసెయ్యాల్నా?" డిఫెండర్ అంటే విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్. వాళ్ల ప్రశ్నకు ఫోన్లో అవుననో కాదనో చెప్పలేం. వార్నింగ్‌లో ఏ పేరు వచ్చిందని అడిగితే చూడలేదంటారు. ఏ సైట్ నుంచి దించారంటే గుర్తులేదంటారు. ఈ రెండూ తెలిస్తే చాలాసార్లు జవాబు మీకే దొరుకుతుంది. కాబట్టి వార్నింగ్ కంటే ముందు డౌన్‌లోడ్ సంగతి చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 కంప్యూటర్ల గురించి. ఫోన్ ముచ్చట చివర్లో కొంచెం ఉంది.

1. మీకు డౌన్‌లోడ్ మేనేజర్ అవసరమేనా?

హాల్ టికెట్, సిలబస్ పీడీఎఫ్, మీసేవ రసీదు లాంటివాటికి బ్రౌజర్ చాలు. ఐదారు జీబీల ఉబుంటు ఐఎస్ఓ (లైనక్స్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్), ఒక జీబీ దాటే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి దించేటప్పుడు డౌన్‌లోడ్ మేనేజర్ విలువ తెలుస్తుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోన్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టుకునేవాళ్లకు సగంలో ఆగిన ఫైల్ మళ్లీ మొదటి నుంచి దిగితే ఆ రోజు డేటా మొత్తం పోయినట్టే. ఎండాకాలం కరెంటు ఒక్క నిమిషం పోయినా రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది, డౌన్‌లోడ్ తెగుతుంది.

ఇది పని చేసే పద్ధతి సింపులే. ఫైల్‌లో ఫలానా బైట్ నుంచి ఫలానా బైట్ వరకే ఇవ్వమని సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే కోడ్‌తో ఆ ముక్క పంపిస్తుంది. అలా ఐదారు ముక్కల్ని ఒకేసారి దించి చివర్లో కలుపుతుంది, తెగితే ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. సర్వర్ ఒప్పుకోకపోతే ఏ మేనేజరైనా ఏమీ చేయలేదు. ఫైల్ దిగడం మొదలయ్యాక "రెజ్యూమ్: నో" అని కనిపిస్తే ఆ ఫైల్‌ను పాజ్ చేయకండి.

స్పీడ్ అయిదింతలు అవుతుందనే ప్రకటనలను పట్టించుకోకండి. మీ లైన్ 40 ఎంబీపీఎస్ అయితే సెకనుకు 5 ఎంబీ మించి ఎవరూ దించలేరు. ఒక్కో కనెక్షన్‌కు ఇంతే స్పీడ్ అని సర్వరే కట్టడి పెట్టిన చోట మాత్రం తేడా కనిపిస్తుంది.

2. ఏది పెట్టుకోవాలి

ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ బాగా పనిచేస్తుంది, కానీ 30 రోజుల ట్రయల్ తర్వాత కొనాలి. కొనే ఆలోచన లేకపోతే దాని జోలికి పోకండి. దాని క్రాక్ (డబ్బు కట్టకుండా నడిపించే దొంగ వెర్షన్) కోసం వెతికే ప్రతి ఒక్కరి కోసం వల వేసి కూర్చున్నవాళ్లు ఉన్నారు. మన దగ్గర కంప్యూటర్లలోకి చెత్త చేరే పెద్ద దారుల్లో ఆ క్రాక్ ఒకటని నా అభిప్రాయం.

ఉచితంగా కావాలంటే ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ ఉంది, టొరెంట్లు కూడా దించుతుంది. మోట్రిక్స్ ఓపెన్ సోర్స్‌ది. కమాండ్లు అలవాటున్నవాళ్లకు ఏరియా2 అన్నిటికంటే తేలిక, మోట్రిక్స్ లోపల నడిచేదీ అదే. జేడౌన్‌లోడర్ శక్తిమంతమైనదే గానీ దాని ఇన్‌స్టాలర్‌లో వేరే సాఫ్ట్‌వేర్ ఆఫర్లు వచ్చిన చరిత్ర ఉంది, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోవద్దు.

అసలు సైట్ నుంచి దించుకుంటే భయం లేదని చాలామంది అంటారు. చాలావరకు నిజమే గానీ పూర్తిగా కాదు. 2020 నుంచి 2022 వరకు ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ సొంత సైట్‌కు లైనక్స్ వెర్షన్ కోసం వెళ్లిన కొందరిని దొంగ ప్యాకేజీ ఉన్న వేరే చిరునామాకు మళ్లించారు. ఈ సంగతిని 2023లో యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ బయటపెట్టింది. విండోస్ వాడేవాళ్లకు దీనితో సంబంధం లేదు, అందుకే ఆ పేరు నా జాబితాలో ఇంకా ఉంది.

3. పెట్టగానే మార్చాల్సిన సెట్టింగులు

మొదట కనెక్షన్ల సంఖ్య. 4 నుంచి 8 మధ్య ఉంచండి. 32 పెడితే కొన్ని సర్వర్లు మిమ్మల్ని కాసేపు బ్లాక్ చేస్తాయి.

రెండోది ఫోల్డర్. దిగినవన్నీ ఒక్కచోటే పడేలా డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టండి. డెస్క్‌టాప్ మీద ఒకటి, డాక్యుమెంట్స్‌లో ఒకటి పడితే ఏది ఎప్పుడు దిగిందో రేపు మీకే తెలియదు.

మూడోది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. మేనేజర్‌తో పాటు వచ్చే ఆ చిన్న ముక్క మీరు తెరిచే ప్రతి పేజీనీ చదివే అనుమతి అడుగుతుంది. బ్యాంకు పని చేసే బ్రౌజర్‌లో దాన్ని పెట్టకండి. క్రోమ్‌లో బ్యాంకు పనులు చేస్తే, ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ లేకుండా లింక్‌ను కాపీ చేసి మేనేజర్‌లో అతికించినా పని జరుగుతుంది.

నాలుగోది చాలామందికి తెలియనిది. బ్రౌజర్‌లో దించిన ఫైల్‌కు ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చిందని విండోస్ ఒక కనపడని గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు ఉంటేనే విండోస్‌లోని కాపలా ఫీచర్ స్మార్ట్‌స్క్రీన్ ఆ ఫైల్‌ను ఆపి చూస్తుంది. కొన్ని డౌన్‌లోడ్ మేనేజర్లు ఆ గుర్తు పెట్టవు. అంటే బ్రౌజర్‌లో దించితే వచ్చే నీలం వార్నింగ్ మేనేజర్‌లో దించితే రాకపోవచ్చు. అంతమాత్రాన ఫైల్ మంచిదని కాదు, అడిగేవాడే లేడని. మీ మేనేజర్ సంగతి తెలుసుకోవాలంటే దానితో ఒక చిన్న ఈఎక్స్ఈ ఫైల్ (డబుల్ క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్) దించి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. జనరల్ ట్యాబ్ అడుగున "అన్‌బ్లాక్" అనే టిక్కు కనిపిస్తే గుర్తు పెడుతోందన్నమాట. కనిపించకపోతే ఈఎక్స్ఈలూ ఎంఎస్ఐలూ బ్రౌజర్‌లోనే దించండి. ఐఎస్ఓలు, వీడియోలు, పెద్ద జిప్పులకు మాత్రం మేనేజర్ వాడుకోండి.

4. లింక్ నొక్కే ముందు

గూగుల్‌లో సాఫ్ట్‌వేర్ పేరు కొడితే పైన వచ్చే మొదటి రెండు మూడు ఫలితాలు ప్రకటనలు కావచ్చు. "స్పాన్సర్డ్" అని చిన్నగా రాసి ఉంటుంది. వాటిని దాటి కిందికి రండి. సైట్ పేరులో చివరి ముక్క కూడా చూడాలి. జిప్ ఫైళ్లు విప్పే 7-జిప్ అసలు సైట్ డాట్ ఆర్గ్‌తో ముగుస్తుంది, డాట్ కామ్‌తో కాదు. ఒక పేజీలో మూడు పచ్చ డౌన్‌లోడ్ బటన్లు కనిపిస్తే రెండు కచ్చితంగా ప్రకటనలే. మౌస్‌ను బటన్ మీద పెట్టి, కింద మూలన కనిపించే చిరునామా చదివాకే నొక్కండి.

ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. విండోస్ 11లో ఏ ఫోల్డర్ అయినా తెరిచి వ్యూ, తర్వాత షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్. ఇది లేకపోతే "మార్క్స్ మెమో.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అనే ఫైల్ మీకు "మార్క్స్ మెమో.పీడీఎఫ్" లాగే కనిపిస్తుంది, బొమ్మ కూడా పీడీఎఫ్ బొమ్మే ఉంటుంది.

డీటీపీ షాపులవాళ్లకు రెండు మాటలు. పెళ్లిళ్ల సీజన్‌లో, మేడారం జాతర ముందు ఫ్లెక్సీల తాకిడిలో అర్జంటుగా ఏదో ఫాంటు కావాల్సి వస్తుంది. "వెయ్యి తెలుగు ఫాంట్లు, ఒకే క్లిక్‌తో" అనే జిప్ దించుతారు. ఫాంట్ అంటే టీటీఎఫ్ గానీ ఓటీఎఫ్ గానీ అయి ఉండాలి. ఫాంట్ల జిప్‌లో ఈఎక్స్ఈ ఎందుకుంది? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురవరం లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పేజ్‌మేకర్ క్రాక్ వెతికే బదులు ఒకసారి స్క్రైబస్ 1.6 వేసి చూడండి, యూనికోడ్ తెలుగు ఒత్తులు సరిగ్గా పడతాయి. పాత అను ఫైళ్లు మాత్రం అందులో తెరుచుకోవు, ఆ ఇబ్బంది ఉంది.

5. ఏ వార్నింగ్ ఏం చెబుతోంది

అన్ని వార్నింగులూ ఒకటి కావు.

నీలం డబ్బా, "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని వస్తే అది స్మార్ట్‌స్క్రీన్. వైరస్ దొరికిందని అది చెప్పడం లేదు. ఈ ఫైల్ గురించి తనకేమీ తెలియదంటోంది. ఎక్కువమంది దించని కొత్త సాఫ్ట్‌వేర్‌కు, సంతకం లేని చిన్న టూల్‌కు ఇది వస్తూనే ఉంటుంది. క్రోమ్‌లో "ఈ ఫైల్ తరచుగా డౌన్‌లోడ్ కాదు" అని వచ్చేదీ ఇలాంటిదే.

కుడివైపు మూలన "థ్రెట్స్ ఫౌండ్" అని వస్తే అది డిఫెండర్. ఫైల్‌ను చూసి, అనుమానించి, పక్కకు పెట్టేసింది. ఇక్కడే ఆగి పేరు చదవాలి.

స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో ప్రొటెక్షన్ హిస్టరీ. వార్నింగ్ మీద నొక్కితే పేరు, తీవ్రత, కింద "అఫెక్టెడ్ ఐటమ్స్" కనిపిస్తాయి. జిప్ విషయంలో ఈ చివరి లైన్ చాలా పనికొస్తుంది. జిప్ పేరు తర్వాత బాణం గుర్తు వేసి, లోపల ఏ ఫైల్‌తో గొడవో చూపిస్తుంది. ఒక్కోసారి ప్రాజెక్ట్ కోడ్ అంతా బాగానే ఉండి, లోపల ఎవరో పెట్టిన యాక్టివేటర్ ఒక్కటే పట్టుబడుతుంది. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత అవసరం.

6. పేరును విడదీసి చదవడం

మైక్రోసాఫ్ట్ పెట్టే పేర్లకు ఒక పద్ధతి ఉంది. ముందు రకం, తర్వాత ఏ సిస్టమ్ మీద పనిచేస్తుంది, తర్వాత కుటుంబం పేరు, వెర్షన్ అక్షరం, ఆశ్చర్యార్థకం తర్వాత తోక. ఉదాహరణకు "ట్రోజన్:విన్32/వకాటక్.బి!ఎంఎల్". ఈ తోకే అసలు విషయం. "ఎంఎల్" అంటే ఈ ఫైల్ ఫలానా వైరస్ అని గుర్తుపట్టలేదు, మెషీన్ లెర్నింగ్ మోడల్ పోలికలు చూసి అనుమానించిందని అర్థం. అనుమానం నిజం కావచ్చు, కాకపోవచ్చు. పైథాన్ ప్రాజెక్టును పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ చేసిన బీటెక్ పిల్లలకు సొంత ఫైల్ మీదే ఈ పేరు వస్తుంది. తన చేత్తో రాసిన అటెండెన్స్ ప్రోగ్రామ్ ట్రోజన్ ఎట్లయిందని టెన్షన్ పడతారు. అందరి ఈఎక్స్ఈలకూ అదే తొడుగు ఉంటుంది, దొంగలూ అదే తొడుగు వాడతారు, మోడల్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

"పీయూఏ" అని మొదలైతే వైరస్ కాదు, అక్కర్లేని సరుకు. టూల్‌బార్లు, ప్రకటనలు, హోమ్‌పేజీ మార్చే ఇన్‌స్టాలర్లు. డౌన్‌లోడ్ మేనేజర్ల ఇన్‌స్టాలర్లకు ఎక్కువగా పడే ముద్ర ఇదే. ఆఫర్లు లేని ఇన్‌స్టాలర్ అదే సైట్‌లో ఉందేమో చూసి అది దించుకోండి.

"హ్యాక్‌టూల్" అని వచ్చి పక్కన కీజెన్ అనో ఆటోకేఎంఎస్ అనో ఉంటే అది క్రాక్. క్రాక్ సైట్లు దీన్ని ముందే ఊహించి, "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి, ఇది ఫాల్స్ పాజిటివ్ (తప్పుడు వార్నింగ్)" అని రాసి పెడతాయి. హ్యాక్‌టూల్ అని సరిగ్గానే చెప్పింది కదా, ఇక తప్పు ఎక్కడుంది? అసలు ప్రమాదం వేరే. ఆ క్రాక్‌తో పాటు ఇంకేం కలిపారో మీకు తెలియదు, యాంటీవైరస్‌ను మీరే ఆపేశారు కాబట్టి అది చెప్పే అవకాశమూ లేదు. యాంటీవైరస్ ఆపమని అడిగే ఏ సైట్‌నైనా అక్కడికక్కడే వదిలేయండి.

రెడ్‌లైన్, లుమ్మా, ఏజెంట్ టెస్లా లాంటి కుటుంబం పేరు కనిపిస్తే వెనకాముందు చూడకండి. ఇవి బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చే గుర్తులు) ఎత్తుకెళ్లే రకం.

7. ఫైల్ పంపకుండా వైరస్‌టోటల్‌లో చూడటం

2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికి వచ్చిన వైరస్‌టోటల్, ఒక ఫైల్‌ను డెబ్భై దాకా యాంటీవైరస్ ఇంజిన్లకు చూపించి ఎవరు ఏమన్నారో చెబుతుంది. కానీ అక్కడ అప్‌లోడ్ చేసిన ఫైల్ సెక్యూరిటీ కంపెనీలకు కూడా అందుతుంది. కాబట్టి ఆధార్, మెమోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కస్టమర్ ఇచ్చిన ఫోటోలు అందులో వేయొద్దు.

అప్‌లోడ్ చేయకుండా చూసే దారి ఉంది. ప్రతి ఫైల్‌కు వేలిముద్ర లాంటి 64 అక్షరాల షా-256 విలువ ఉంటుంది. లోపల ఒక్క బైట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్, సీఆర్‌సీ షా, అందులో షా-256. విండోస్ 11లో కనిపించకపోతే "షో మోర్ ఆప్షన్స్" నొక్కండి. వచ్చిన విలువను కాపీ చేసి వైరస్‌టోటల్ సెర్చ్ ట్యాబ్‌లో అతికించండి. ఉబుంటు, లిబ్రేఆఫీస్ లాంటివాళ్లు తమ సైట్‌లోనే ఈ విలువ ఇస్తారు. రెండూ అక్షరం అక్షరం కలిస్తే ఫైల్ దారిలో మారలేదు, ముక్కలు కలపడంలో మేనేజర్ పొరపాటు చేయలేదు. కలవకపోతే తీసేసి మళ్లీ దించండి.

డిఫెండర్ ఇప్పటికే ఫైల్‌ను క్వారంటైన్ చేసి ఉంటే విలువ తీయలేరు. అప్పుడు డౌన్‌లోడ్ లింక్‌నే వైరస్‌టోటల్ యూఆర్ఎల్ ట్యాబ్‌లో ఇవ్వండి.

ఫలితం చదవడంలో అంకె ఒక్కటే చూసి మోసపోకండి.

డెబ్భైలో ఇద్దరు ముగ్గురు మాత్రమే ఎరుపు చూపించి, వాళ్లు మీరెప్పుడూ పేరు వినని ఇంజిన్లై, ఇచ్చిన పేర్లలో "ఏఐ", "ఎంఎల్", "జెనరిక్" లాంటివి ఉంటే, పైగా ఫైల్ ఏడాది నుంచీ తెలిసినదైతే అది తప్పుడు వార్నింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఎంతకాలంగా తెలుసో డీటెయిల్స్ ట్యాబ్‌లో "ఫస్ట్ సబ్మిషన్" దగ్గర ఉంటుంది.

ఆరేడుగురు ఎరుపు చూపించి అందరి పేరూ "జెన్:వేరియంట్" అనే మొదలైతే దాన్ని ఒక్క ఓటుగా లెక్కపెట్టండి. చాలా కంపెనీలు బిట్‌డిఫెండర్ ఇంజిన్‌నే అద్దెకు తీసుకుని వాడతాయి.

మైక్రోసాఫ్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్, బిట్‌డిఫెండర్ నలుగురూ వేర్వేరుగా ఒకే కుటుంబం పేరు చెబితే వాదన అక్కడితో అయిపోయింది.

అందరూ పచ్చ చూపించినా ఫస్ట్ సబ్మిషన్ ఇవాళ్టి తేదీ అయితే నమ్మకండి. ఒక రోజు ఆగి రీఅనలైజ్ కొట్టండి. కొత్త మాల్వేర్‌కు మొదటి రోజు పేరు ఉండదు.

ఒక మాయ గురించి చెప్పాలి. జిప్ పది ఎంబీలు, పాస్‌వర్డ్ "1234", ఆ పాస్‌వర్డ్ ఫైల్ పేరులోనే ఉంటుంది. విప్పితే లోపలి సెటప్ 700 ఎంబీలు. పాస్‌వర్డ్ పెట్టింది యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా. సైజు పెంచింది వైరస్‌టోటల్ 650 ఎంబీ దాటినవి తీసుకోదు కాబట్టి. లోపల ఉన్నవి ఎక్కువగా సున్నాలే, అందుకే జిప్ చేస్తే పది ఎంబీలకు దిగింది. ఇలాంటి ఫైల్‌కు ఏ పరీక్షా అక్కర్లేదు, తీసేయండి.

8. సంతకం చూడటం

ఈఎక్స్ఈ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్. కంపెనీ పేరు మీద నొక్కి డీటెయిల్స్ తెరిస్తే "సిగ్నేచర్ ఈజ్ ఓకే" అని ఉండాలి. ట్యాబే లేకపోతే సంతకం లేదు. ఉచిత టూళ్లలో అది మామూలే.

సంతకం ఉంటే చాలా నయం, కానీ హామీ కాదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి కంపెనీ సొంత సంతకంతోనే మాల్వేర్ వెళ్లింది, 22 లక్షల మందికి పైగా దాన్ని దించుకున్నారు. యాంటీవైరస్‌లూ ఇటు నుంచి తప్పు చేస్తాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఒక అప్‌డేట్‌తో విండోస్ ఎక్స్‌పీలోని సొంత సిస్టమ్ ఫైల్‌నే వైరస్ అనుకుని తీసేసింది, కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి.

9. తేల్చుకోవడం

సైట్ అసలుదై, సంతకం సరిగ్గా ఉండి, వైరస్‌టోటల్‌లో ఒకరిద్దరే, పేరులో ఎంఎల్ తోక ఉంటే, డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి ఒక రోజు తర్వాత మళ్లీ దించండి. చాలా తప్పుడు వార్నింగులు ఆ లోపే పోతాయి. పోకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఫైల్ పంపి పరీక్ష చేయించుకునే పేజీ ఉంది, ఉచితమే.

అలౌ చేయాల్సి వస్తే ఆ ఒక్క ఫైల్‌కే ప్రొటెక్షన్ హిస్టరీ నుంచి చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టే అలవాటు కొన్ని షాపుల్లో చూస్తాను. రోజూ కొత్త ఫైళ్లు పడే ఫోల్డర్‌కే కాపలా తీసేయడం అది. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపడం అంతకంటే పెద్ద తప్పు.

సైట్ గుర్తులేదు, సంతకం లేదు, పేరు ప్రమాదకరమైనది అయితే తీసేయండి. ఎంత అర్జంటైనా సరే. ఎటూ తేలకపోతే కూడా తీసేయండి, అదే పని చేసే వేరే సాఫ్ట్‌వేర్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

10. ఫోన్‌లో

ఫోన్‌లో ఇంత పరీక్ష అక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఏదైనా ఇన్‌స్టాల్ చేయకండి. ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్, పెళ్లి శుభలేఖ, బ్యాంకు కేవైసీ అనే పేర్లతో తిరుగుతుంటాయి. పంపింది మీ బాబాయే కావచ్చు, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండి ఉంటుంది. చలానాను పోలీసులు ఏపీకేగా పంపరు.

11. ఇప్పటికే డబుల్ క్లిక్ చేసేసి ఉంటే

ముందు వైఫై ఆపండి లేదా కేబుల్ పీకండి. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి విండోస్ తెరుచుకోకముందే స్కాన్ నడుస్తుంది, పావుగంట దాకా పట్టొచ్చు. అది నడిచేలోగా వేరే ఫోన్ నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత బ్యాంకుది. పాస్‌వర్డ్ మారిస్తేనే సరిపోదు. దొంగ దగ్గర లాగిన్ కుకీ ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వస్తాడు. అందుకే జీమెయిల్ సెక్యూరిటీ పేజీలో "యువర్ డివైసెస్" తెరిచి, తెలియని ప్రతి దాన్నీ సైన్ ఔట్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో ఉచిత క్లీనింగ్ టూల్స్ కూడా ఉన్నాయి.

స్కాన్ తర్వాత కూడా వింత వింత విండోలు తెరుచుకుంటుంటే పీడీఎఫ్‌లు, ఫోటోలు, వర్డ్ ఫైళ్లు మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్ కొత్తగా వేయండి. ఈఎక్స్ఈలు, జిప్పులు తీసుకోవద్దు.

డబ్బు పోయిందని అనుమానం వస్తే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అకౌంట్ నంబరు, డబ్బు పోయిన సమయం, ఎస్ఎంఎస్‌లో ఉండే ట్రాన్సాక్షన్ నంబరు దగ్గర పెట్టుకోండి, అవే ముందు అడుగుతారు. ఇందాక తీసిపెట్టిన ప్రొటెక్షన్ హిస్టరీ ఫోటోను ఫిర్యాదుకు జత చేయండి.